ఇరవై ఐదో బుజ్జి

మా అమ్మ దృష్టిలో నాది గోళ్ళు గిల్లుకుంటూ కూర్చునే ఉద్యోగం. ఒకసారి ఆఫీసుకు తీసుకొచ్చి చూపించాను కూడా. గోడంత తెర, దాని మీద వరసలు వరసలుగా పచ్చ చుక్కలు. పావుగంట చూసి, "ఇందులో నువ్వు చేసేదేముందే? అవే వెలుగుతున్నాయి, అవే పోతున్నాయి" అంది. ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు మా వంశంలో లేరు కాబట్టి నోరు మూసుకున్నాను.

నిజానికి చేసేది ఉంది. పుట్టిన ప్రతి బిడ్డకూ మూడో రోజున మడమ మీద సూదితో గుచ్చి, ఒక రక్తపు చుక్కను అట్టముక్క మీద అద్దుతారు. ఆ అట్టలు ప్రసూతి ఆసుపత్రుల నుంచి మా ల్యాబుకు వస్తాయి. ఇక్కడ మెషిన్ కొలుస్తుంది. కొలిచిన అంకె ఆసుపత్రి కంప్యూటరుకు చేరాలి, అక్కడి నుంచి వార్డు నర్సు ఫోనుకు చేరాలి. చిక్కేమిటంటే మెషిన్ భాష కంప్యూటరుకు రాదు, కంప్యూటరు భాష ఫోనుకు రాదు. మాటల్లేని తోడికోడళ్ళ మధ్య కబుర్లు మోసే మనిషిలా వీటి నడుమ ఒక సాఫ్ట్‌వేర్ కూర్చుని, ఒకరి మాటను ఇంకొకరికి అర్థమయ్యేలా మార్చి పంపిస్తుంటుంది. రోజుకు తొమ్మిది వందల కబుర్లు. ఎక్కడా మనిషి చెయ్యి పడదు. అవి చేరుతున్నాయా లేదా అని చూడటం నా పని. చేరితే పచ్చ చుక్క, దారిలో ఆగితే నారింజ, తప్పిపోతే ఎరుపు. మనిషి చెయ్యి పడని చోట మనిషి కన్నయినా పడాలి కదా, ఆ కన్ను నేను.

ఇక బుజ్జి సంగతి. దారి బాగుందో లేదో తెలియాలంటే ఆ దారిన ఎవరో ఒకరు నడవాలి. ఒక్కోసారి గంటసేపు ఒక్క కబురూ రాదు. బిడ్డల అట్టలు లేక రావడం లేదా, దారి తెగి రావడం లేదా? తెర చూస్తే తెలియదు. అందుకని నాలుగేళ్ళ కిందట నేనొక ఉత్తుత్తి బిడ్డను పుట్టించాను. గంటకోసారి ఆ బిడ్డ ఫలితం మెషిన్ దగ్గర బయల్దేరి చివరిదాకా నడుస్తుంది. బరువు మూడు కిలోలు, అంకె నాలుగు, ఎప్పుడూ ఆరోగ్యమే. పేరు దగ్గరే చిక్కొచ్చింది. అందరూ పెట్టే 'టెస్ట్' అన్న పేరు మాకు పనికిరాదు. ల్యాబుకు వచ్చేవన్నీ టెస్టులే. ఏ కాగితంలోనూ ఎవరూ రాయని పేరు కావాలి. ఆలోచించి ఆలోచించి నా పేరే పెట్టాను. అసలు పేరు కాదు, ఇంట్లో పిలిచే పేరు. బుజ్జి. యాభై దాటిన నన్ను మా అమ్మ ఇప్పటికీ అలాగే పిలుస్తుంది. ముద్దుపేరు గడప దాటదు, కాగితం ఎక్కదు అని నా ధీమా.

మొదటి వారంలోనే ఒక నర్సు ఫోన్ చేసింది. "గంటకోసారి ఎవరో బుజ్జికి బాగుందని వస్తోందండీ. మా వార్డులో బుజ్జి లేదు. ఎవరీ పిల్ల?" అందుకని ఒక నియమం రాశాను. పేరు బుజ్జి అయితే నర్సుకు పంపకుండా చివరి మెట్టు మీద ఆపెయ్యాలి. ఆపినా చేరినట్టే లెక్కవేసి పచ్చ చుక్క పెట్టాలి. లేకపోతే రోజుకు ఇరవై నాలుగు ఎర్ర చుక్కలతో తెరకు తట్టు పోసినట్టు ఉంటుంది. రెండంటే రెండు లైన్లు. రాసిన రోజున నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఈమధ్య అమ్మ కంటికి శుక్లం తీయించి వారం రోజులు సెలవు పెట్టాను. ఆ వారం నా కుర్చీలో మా పై అధికారి కూర్చున్నారు. మంచి మనిషే. కాకపోతే తెర పచ్చగా ఉంటే ఆయనకు ఇంకేమీ అక్కర్లేదు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందన్న సామెత ఆయన్ను చూసే పుట్టిందని నేను అంటుంటాను. ఆఫీసులో ఆయన పేరు పచ్చజెండా. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

మంగళవారం పొద్దున నేను వెళ్ళేసరికి ఆయన కుర్చీ దులిపి అప్పగించారు.

"వారమంతా పచ్చేనమ్మా. ఒక్క ఎరుపు లేదు. నువ్వు లేకపోయినా సూర్యుడు తూర్పునే పొడిచాడు."

"మీ చలవ సార్" అని కూర్చున్నాను.

నాకొక అలవాటు ఉంది. మిగతావాళ్ళు ఎర్ర చుక్కల్ని వెతుకుతారు, నేను పచ్చవాటిని లెక్కపెడతాను. ఎరుపు దానంతటదే అరుస్తుంది, ఎవరికైనా వినిపిస్తుంది. బడిలో సంధులు చెబుతూ మా మాస్టారు అన్న మాట నాకింకా గుర్తు: రెండు మాటలు అతుక్కున్న చోట ఒక అచ్చు మాయమవుతుంది, చదివేవాడికి ఆ లోటే తెలియదు. మాదీ అతుకుల పనే. తెర అడుగున ఎవరూ తెరవని పేజీ ఒకటి ఉంది, చివరి మెట్టు మీద ఆపేసినవాటి లెక్క. ఏ రోజు తీసినా అందులో ఉండేది ఒకటే ముక్క. బుజ్జి, ఇరవై నాలుగు.

వారం లెక్క తీశాను. సోమవారం ఇరవై నాలుగు. ఆదివారం ఇరవై నాలుగు. అలా వెనక్కి వెళ్తే, గత మంగళవారం ఇరవై ఐదు.

"ఇదేంటి సార్?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని చూశారు. "ఓ, అదా! బుజ్జిని పంపే బటన్ నేనే పొరపాటున నొక్కుంటాను. ఆ కుర్చీ నాకు కొత్త కదా."

"నొక్కారా, నొక్కుంటారా?"

"అబ్బా, ముందు టీ తాగమ్మా. తొమ్మిది వందలు పచ్చగా ఉంటే ఆ ఒక్కదాన్ని పట్టుకుని వేలాడతావేంటి? కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే."

నాకు ఒళ్ళు మండింది. ఎలుకైనా సరే, పట్టాల్సిందే అనుకున్నాను. ఉత్తుత్తి బుజ్జి గడియారం ముల్లులాంటిది, సరిగ్గా గంటకే బయల్దేరుతుంది. ఆ ఇరవై ఐదింటిలో ఒకటి మాత్రం పదీ పదికి బయల్దేరింది. కబురు లోపలి వివరాలు మేము ఏడు రోజులే ఉంచుతాం. బిడ్డల సంగతులు అంతకన్నా దాచకూడదని పద్ధతి. గడువు దాటితే లోపలిది చెరిగిపోయి ఉత్త అంకె మిగులుతుంది. గోడ గడియారంలో అప్పటికి పది కావడానికి ఐదు నిమిషాలుంది. అంటే నా దగ్గరున్నది పావుగంట.

"టీ తర్వాత సార్" అని దాన్ని తెరిచాను.

పేరు బుజ్జి. ఆడపిల్ల. బరువు రెండు కిలోల ఏడు వందలు. వయసు ఆరు రోజులు. అంకె తొంభై ఆరు.

ఆ అంకె ఇరవై దాటితేనే ప్రమాదం. మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి పనిచేయని బిడ్డల్లో అది అలా పెరుగుతుంది. పైకి ఏమీ కనిపించదు, చూస్తే ముద్దుగానే ఉంటారు. మొదటి రెండు వారాల్లో మందు మొదలుపెడితే అందరు పిల్లల్లాగే ఆడుకుంటారు, చదువుకుంటారు. ఆలస్యమైనకొద్దీ బుద్ధి ఎదుగుదల ఆగిపోతుంది. ఆ తర్వాత ఎంత మందు పోసినా పోయింది తిరిగి రాదు. ఆ పిల్లకు ఆ రోజుతో పదమూడు రోజులు. మెషిన్ తన పని తాను చేసింది, అంకె పక్కన ఎర్ర గుర్తు పెట్టింది. ఆ గుర్తును మోసుకెళ్తున్న కబురును చివరి మెట్టు మీద ఆపి, మింగేసి, పచ్చ చుక్క పెట్టి మూతి తుడుచుకున్నవి నా రెండు లైన్లు.

వార్డు నంబరు, అట్ట నంబరు, మంచం నంబరు కాగితం మీద రాసుకున్నాను. పచ్చజెండా నా వెనక నిలబడి చదివారు.

"ఇది ఉత్తుత్తిది కాదూ?"

"కాదు సార్. నిజం పిల్ల."

ఆయన టీ కప్పు కింద పెట్టేశారు. "పద్ధతి ప్రకారమైతే ముందు రిపోర్టు రాసి, పైకి పంపి, వాళ్ళు..." అని ఆగి, "రిపోర్టు నేను రాసుకుంటాలే. నువ్వు ముందు ఫోన్ చెయ్యి" అన్నారు. ఆయన రాయడానికి మళ్ళీ దాన్ని తెరిచేసరికి లోపల ఖాళీ. టైము పదీ పదకొండు.

వార్డు నర్సు రిజిస్టరు తిప్పుతూ మాట్లాడింది. "పదకొండో మంచం... ఆఁ, గుర్తుంది మేడమ్. పాప పేరు మీద నాన్నకూ నాయనమ్మకూ ఒకటే పేచీ. ఇదివరకైతే తల్లి పేరు రాసి 'గారి పాప' అని పెట్టేవాళ్ళం. పోయిన నెల కొత్త ఫారం వచ్చింది కదా, అందులో తల్లికి వేరే గడి. పాప పేరు గడి ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వదు. ఏం రాయనమ్మా అంటే ఆ నాయనమ్మే, 'ప్రస్తుతానికి బుజ్జి అని రాసెయ్యి తల్లీ' అంది. ఏమైంది?"

"ఆ పాప ఫలితం మీకు రాలేదు కదా?"

"చూసుకోలేదు మేడమ్. తేడాగా ఉంటే ఫోన్‌లో గంట మోగుతుంది. మోగలేదంటే బాగున్నట్టే కదా?"

అంకె చెప్పాను. అవతల గొణుగుతూ రోజులు లెక్కపెట్టుకుంటున్న చప్పుడు. "అయ్యో... ఇవాళ పదమూడు" అంది.

తల్లి ఫోన్ స్విచ్ ఆఫ్. నర్సు నాలుగుసార్లు చేసింది, నాలుగుసార్లూ అంతే. చివరికి డాక్టరుగారిని అడిగి తను బయల్దేరతానంది. మా పెద్దాయన పచ్చజెండా కారు తాళాలు తీసుకుని నాకంటే ముందు మెట్లు దిగారు. ఆఫీసులో పచ్చ కనిపిస్తే చాలు వెళ్ళిపోయే మనిషి, రోడ్డు మీద పచ్చ లైటు పడినా ఆగి అటూ ఇటూ చూసే రకమని ఆ రోజే తెలిసింది. నర్సును ఎక్కించుకుని ఆ ఇంటికి చేరేలోపు నేను నా గోళ్ళన్నీ కొరికేశాను.

అది లాండ్రీ షాపు మీద మూడో అంతస్తు. మెట్ల పొడుగునా సబ్బు వాసన, ఇస్త్రీ ఆవిరి. తలుపు తీసిన నాయనమ్మ నర్సును చూసి ముఖమంతా నవ్వైపోయింది.

"మీరా తల్లీ! రండి, రండి. ఫోన్ కట్టేశాం, పిల్ల నిద్ర చెడుతుందని."

బిడ్డ కిటికీ పక్కన మెత్తటి గుడ్డల్లో పడుకుని ఉంది. పిడికిళ్ళు మూసుకుని, కదలకుండా. తల్లి పక్కనే కునుకు తీస్తోంది.

"బంగారుతల్లి అమ్మా ఇది" అంది నాయనమ్మ గొంతు తగ్గించి. "ఏడవనే ఏడవదు. పాలకు కూడా మేమే లేపాలి. దీని నాన్న పుట్టినప్పుడు మూడు నెలలు ఇల్లు పీకి పందిరేశాడు. ఇది చూడండి, ఎంత బుద్ధిమంతురాలో! ఛాయ చూశారా? ఎలా పచ్చగా మెరిసిపోతోందో!"

నర్సు వంగి బిడ్డ నుదుటి మీద వేలితో నొక్కి వదిలింది. వేలు తీసిన చోట చర్మం పసుపు రాసినట్టు ఉంది. రెండు వారాలకొచ్చినా తగ్గని కామెర్లు. ఆ జబ్బు గుర్తుల్లో అదొకటి. ఎప్పుడూ నిద్రపోవడం ఒకటి, ఏడవకపోవడం ఒకటి. వారం రోజులుగా మా తెరా పచ్చగానే ఉంది, ఈ పిల్లా పచ్చగానే ఉంది. అక్కడ మేమూ ఇక్కడ వీళ్ళూ చూసుకుని సంబరపడ్డాం. ఇన్నేళ్ళలో పచ్చ అన్న మాటకు నేను భయపడటం అదే మొదలు.

తల్లి లేచి కూర్చుంది. పాతికేళ్ళుంటాయేమో. నర్సు మంచం అంచున కూర్చుని, జబ్బు సంగతి, మందు సంగతి తేలిక మాటల్లో చెప్పింది. అంతా విని ఆ అమ్మాయి ఒకే ఒక్కటి అడిగింది.

"ఫలితం ఎప్పుడొచ్చింది?"

నర్సు నా వైపు చూసింది.

"వారమైంది" అన్నాను. "వచ్చింది, మీదాకా చేరలేదు. మా దారి సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి బుజ్జి అనే పేరుతో ఒక ఉత్తుత్తి బిడ్డను పెట్టుకున్నాం. ఆ పేరుతో వచ్చేది ఎవరికీ పంపొద్దని నేనే రాసిపెట్టాను. తప్పు నాదమ్మా."

వెనక నుంచి మా పెద్దాయన గొంతు సవరించుకుని, "మాది" అన్నారు.

"నా పిల్ల ఉత్తుత్తిదనుకున్నారా?"

"అనుకున్నాం" అన్నాను.

"తొమ్మిది నెలలు మోశానండీ" అంది. అరవలేదు, ఏడవలేదు. అరిచి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. నాయనమ్మ గోడకు చేరగిలబడి, "నేనే రాయమన్నాను, నా నోరు పడిపోను, నేనే రాయమన్నాను" అంటూ నెత్తి కొట్టుకుంటుంటే ఆ పిల్ల తల్లే లేచి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. బిడ్డను గుడ్డలతో సహా ఎత్తుకుంది. ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి అత్తగారి చెప్పు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

"పదండి. తిట్టడానికి తర్వాత టైముంటుంది."

ఆసుపత్రిలో మళ్ళీ రక్తం తీశారు. దాని ఫలితం కోసం ఆగకుండానే మందు మొదలుపెట్టారు. ఆవగింజకు కాస్త పెద్దగా ఉండే మాత్ర. నర్సు దాన్ని చెంచాలో నలిపి, తల్లిపాలలో కలిపి, బిడ్డ బుగ్గలోకి పోసింది. పిల్ల మొహం చిట్లించి మింగింది. పన్నెండూ నలభై అని నర్సు రిజిస్టర్లో రాసింది. డాక్టరుగారు, "రెండు వారాలు దాటలేదు, అది మంచిదే. కానీ నెల తర్వాత చూస్తేగాని ఏమీ చెప్పలేను. ఇప్పుడే మాట ఇవ్వలేను" అన్నారు. ఆ మాట నేనూ ఆ తల్లీ ఒకేలా విన్నాం.

సాయంత్రం ఇంటికెళ్ళి అమ్మకు చెప్పాను. నల్లద్దాలు పెట్టుకుని కూర్చుని అంతా విని, "బుజ్జి అని కాగితంలో ఎవరూ రాయరని ఎవరు చెప్పారే నీకు?" అంది. అల్మరాలోని పాత రేకు పెట్టె తెమ్మంది. అడుగున నా టీకాల చీటీ. మడతల దగ్గర చిరిగిపోయిన ఆ చీటీ మీద, పేరు అన్న చోట, నల్ల సిరాతో: బుజ్జి.

"నీ పేరు తేలేసరికి నాలుగు నెలలు పట్టింది. మీ నాన్న ఒకటంటే మీ మేనత్త ఇంకొకటి. అప్పటిదాకా టీకాలెవరికి వేశారనుకున్నావు, ఉత్తుత్తి పిల్లకా?"

ఆ చీటీ నేను వందసార్లు చూసి ఉంటాను. తెలియక చేసిన తప్పయితే అదొక రకం. ఇది నా పెట్టెలోనే ఉంది. కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. అమ్మ తడుముకుంటూ వచ్చి తల నిమిరి, "ఏడవకే, కంటికి మంచిది కాదు" అంది, ఆపరేషన్ అయింది తనకని మర్చిపోయి.

మర్నాడు ఆ రెండు లైన్లు తీసేశాను. ఇప్పుడు ఉత్తుత్తి బిడ్డను పేరుతో గుర్తుపట్టం; మేమే పుట్టించింది కాబట్టి బయల్దేరేటప్పుడే మా గుర్తు వేసి పంపుతాం, నిజం బిడ్డ ఏ పేరుతో వచ్చినా ఆ గుర్తు దానికి తగలదు. ఆపేసినవాటి లెక్క తెర అడుగు నుంచి నడినెత్తికి ఎక్కింది. నాలుగేళ్ళ రోజువారీ లెక్కలు నేనూ పెద్దాయనా పక్కపక్కన కూర్చుని రెండు రోజులు చదివాం. ఇరవై నాలుగు, ఇరవై నాలుగు అని ఆయన చదువుతుంటే నేను టిక్కు పెట్టాను. ఇంకో ఇరవై ఐదు ఎక్కడా లేదు. చివరి పేజీ అయ్యాక ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. అప్పటి నుంచి పొద్దున్నే వచ్చి "పచ్చేనా?" అని అడగడం మానేసి, "ఎన్ని?" అని అడుగుతున్నారు.

నెల రోజులు నాకు అన్నం సయించలేదు. తర్వాత ఒక బుధవారం, తెర మీద ఒక కబురు కదిలింది. పేరు బుజ్జి, ఆడపిల్ల, నాలుగు కిలోల రెండు వందలు, అంకె మూడు. కుర్చీలోంచి లేచి నిలబడి చూశాను. మెషిన్ దాటింది, కంప్యూటరు దాటింది, చివరి మెట్టు దగ్గర నా ఊపిరి ఆగింది. అది ఆగలేదు, నర్సు ఫోనుకు చేరింది.

మూడో రోజు నా ఫోన్ మోగింది. నంబరు నర్సు ఇచ్చిందట.

"పదకొండో మంచం" అంది అవతలి గొంతు. "తర్వాత తిడతానన్నాను కదా. అందుకే చేశాను."

"తిట్టమ్మా" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

వెనకాల ఏదో గోల. ఆమె గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. "డాక్టరుగారు బాగుందన్నారు. మందు ఆపొద్దన్నారు. మా అత్తగారు చెవుల్లో దూది పెట్టుకుని తిరుగుతున్నారు. ఇంట్లో మూడు వారాలుగా ఎవరికీ కంటిమీద కునుకు లేదు. కింద లాండ్రీవాళ్ళు కూడా వచ్చి అడిగారు."

"పేరు కుదిరిందా?"

"ఎక్కడ? ఇంకా బుజ్జే. మీ మెషిన్‌కు ఇబ్బందేం లేదు కదా?"

"లేదమ్మా. ఏమీ లేదు."

"మరి ఉండండి, నాకు పెద్ద పెద్ద తిట్లు రావు. ఇదిగో, మీ ఉత్తుత్తి పిల్ల. వినండి."

ఫోన్ బిడ్డ నోటి దగ్గర పెట్టినట్టుంది. చెవి చిల్లులు పడేలా ఏడుపు. ఊపిరి తీసుకోవడానికి ఆగడం, మళ్ళీ అందుకోవడం. స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టాను. పెద్దాయన తన గదిలోంచి వచ్చి, "ఎవరది?" అన్నారు.

"బుజ్జి సార్."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అవతల ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు, నేనూ పెట్టెయ్యలేదు.